తీగ వదిలే చెయ్యి

మన ఇల్లు, పై గది
అక్టోబరు చివరి వారం

అత్తయ్యా,

ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి "రిపేరుకి మోటారొచ్చింది, ఉంటానే" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీన్ని సగంలో పెట్టేసినా మిగతా సగం నీ బల్ల మీదే పడి ఉంటుంది, ఎప్పటికైనా చదవక తప్పదు.

కాలేజీ బాగుంది. తెలుగు ప్రధానంగా తీసుకున్నానని నాన్న ఇంకా ఎవరికీ చెప్పలేదు గానీ, నాకు మాత్రం రోజూ పండగలా ఉంది. వాన వెలిసిన తారు రోడ్డును "ఇస్త్రీ చేసిన చీకటి" అని రాశాను. మా మాస్టారు క్లాసులో చదివి వినిపించారు. వెనక బెంచీలోంచి ఒకడు "చీకటికి గంజి కూడా పెట్టావా?" అన్నాడు. వాడికి అసూయ అని నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చాక తలుపేసుకుని కాసేపు ఏడ్చాను.

అసలు సంగతికి వస్తాను. నిన్న అమ్మ పెరట్లో తొట్టి చుట్టూ చెత్త తీస్తూ మన క్రిస్మస్ చెట్టు కొత్తగా ఒక వరుస కొమ్మలు వేయడం చూసింది. "ఏమండీ, ఈసారి ఇది గుమ్మంలోంచి పడుతుందా?" అని అడిగింది. నాన్న కరెంటు స్తంభాలెక్కి అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. చెట్టును చూశాడు, గుమ్మాన్ని చూశాడు. "పడుతుంది" అన్నాడు. అంతే. నాన్నకి మాటల మీద కూడా మీటరు తిరుగుతుందేమో అత్తయ్యా, అంత పొదుపు.

పోయిన డిసెంబరు సంగతి ఎత్తకూడదని మూడు కాగితాలు చించాను. ఎత్తకుండా ఈ ఉత్తరం రాయడం నా వల్ల కాలేదు. ఆసుపత్రి నీళ్ల మోటారు కాలిపోయి నువ్వు ఆలస్యంగా వచ్చావు. ఈలోగా నాన్న బజార్లో రెడీమేడ్‌గా దొరికే వల లైట్లు తెచ్చి చెట్టు మీద కప్పేశాడు. హాల్లో ఆయన లైన్ ఆఫీసు వాళ్లు కూర్చుని ఉన్నారు. నువ్వు గుమ్మంలో చెప్పులు విప్పుతూనే "అన్నయ్యా, చెట్టుకు లైట్లు పెట్టావా, దోమతెర కట్టావా?" అన్నావు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. "నచ్చకపోతే నీ ఇంట్లో నీకు నచ్చినట్టు పెట్టుకో" అన్నాడు. నువ్వు సంచి కింద పెట్టనైనా పెట్టకుండా వెనక్కి తిరిగావు.

అప్పటినుంచి మీ ఇద్దరూ ఒకరి క్షేమం ఒకరు నన్ను అడుగుతున్నారు. అమ్మనడిగితే "అన్నాచెల్లెళ్ల మధ్య నేను దూరను తల్లీ, రేపు వాళ్లిద్దరూ ఒకటై నన్ను వేరు చేస్తారు" అంటుంది.

ఈ డిసెంబరు వస్తావా?

నీ మేనకోడలు

*

షాపు మీద గది
నవంబరు మొదట్లో

పండితురాలికి,

నీ ఇస్త్రీ చీకటిని మా ఓనరుకి చదివి వినిపించాను. "మీ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు. నాకు మాత్రం నచ్చింది. రాత్రి వాన పడితే కిటికీలోంచి రోడ్డును చూశాను. నిజంగానే మడత నలగకుండా ఉంది.

పని ఎక్కువగానే ఉంది. కాలిన మోటారు విప్పి, మాడిన తీగంతా లాగి, కొత్త రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టేసరికి జుట్టంతా అదే వాసన. మా ఓనరు రైల్లో ఒక పగలంతా పట్టే ఊళ్లో ఇంకో షాపు తెరుస్తున్నాడు. "నువ్వెళ్లి చూసుకోవమ్మా, కనీసం రెండేళ్లు ఉండాలి" అంటున్నాడు. క్రిస్మస్ అయ్యాక చెబుతానన్నాను.

చెట్టు సంగతి అడిగావు. నీకు లైట్లు వెలగడమే తెలుసు, చుట్టడం తెలియదు. చిన్నప్పటినుంచీ మా ఇద్దరిలో తీగ వదిలేది అన్నయ్య, చుట్టేది నేను. మొదలు దగ్గర పట్టుకుని కొమ్మ వెంట చివరిదాకా వెళ్లాలి, మళ్లీ అదే కొమ్మ మీద మొదలుకి రావాలి. అలా ప్రతి కొమ్మకీ. అప్పుడు వెలుగు చెట్టు లోపలినుంచి వస్తుంది. పైన కప్పితే మీద పడుతుంది, అంతే తేడా. తీగ ఎక్కువ వదిలితే వేలాడుతుంది, తక్కువైతే కొమ్మ వంగుతుంది. అన్నయ్య నా చేతిని చూసి వదిలేవాడు. "చాలా?" అని కూడా అడిగేవాడు కాదు. ఒక మధ్యాహ్నమంతా ఇద్దరం ఒక్క మాట లేకుండా గడిపేవాళ్లం. మా అమ్మ వచ్చి "దెబ్బలాడుకున్నారా ఏంటి?" అని అడిగేది.

నేను దోమతెర అనకుండా ఉండాల్సింది. అదీ ఆఫీసు వాళ్ల ముందు. చెప్పులు విప్పేదాకా నా నోరు కాస్త ఆగి ఉంటే బాగుండేది. కానీ బంగారం, "నీ ఇంట్లో" అన్నాడే, ఆ మాట దగ్గర నాకు కాళ్లు ఆగిపోయాయి. షాపు మీద గది నేను పడుకునే చోటు. ఇల్లంటే మీ ఇల్లేనని నేను ఎవరినీ అడక్కుండా అనుకుంటూ వచ్చాను.

అన్నయ్య తన నోటితో ఒక్కసారి "రా" అంటే చాలు, క్షమాపణలు అక్కర్లేదు. నేనే చెబుతాను అవి. అనకపోతే మాత్రం రాను. మొండితనం అంటావేమో. మా ఇద్దరిదీ ఒకే రక్తం, ఏం చేస్తాం.

అత్తయ్య

*

మన ఇల్లు, పై గది
నవంబరు మధ్యలో

అత్తయ్యా, అత్తయ్యా, అత్తయ్యా!

అడిగాను! నిన్న సాయంత్రం నాన్న పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. గ్రీజు వదలక రుద్దుతూనే ఉన్నాడు. నేను సబ్బు అందిస్తూ "నాన్నా, ఈ క్రిస్మస్‌కి అత్తయ్యని రమ్మని రాయనా?" అన్నాను.

నాన్న చేతులు కడుక్కోవడం ఆపి చాలాసేపు నీళ్లను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఏమన్నాడో తెలుసా?

"దానికి ఇలా రాయి. నువ్వు లేని ఈ ఇల్లు స్విచ్చి దొరకని గదిలా ఉంది. చేతిలో తీగ పట్టుకుని నిలబడ్డాను, చుట్టే చెయ్యి దూరంగా ఉండిపోయింది. రా."

చివర్న "రా" అన్నాడు అత్తయ్యా. నువ్వడిగిన మాట. ఇంక నీ మొండితనాన్ని ఆ వార్నిష్ డబ్బాలో పెట్టి మూతేసెయ్.

అమ్మ ఇప్పటినుంచే కర్టెన్లు ఉతుకుతోంది.

నీ మేనకోడలు

*

షాపు మీద గది
నవంబరు చివర

బంగారం,

నీ ఉత్తరం పని బల్ల మీద పెట్టుకుని మోటారు చుడుతూ చదివాను. చుట్ల లెక్క తప్పింది. విప్పి మళ్లీ చుట్టాను, మళ్లీ తప్పింది. ఓనరు చూసి "ఇవాళ్టికి చాలు, పైకెళ్లి పడుకోమ్మా" అన్నాడు. పడుకోలేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను.

నిజంగా మా అన్నయ్యేనా ఆ మాటలన్నది? మా అమ్మ పోయిన రోజు వాన. నేను ఏడుస్తూ గేటు దాకా వస్తే "గొడుగు తీసుకో" అన్నాడు. అంతకంటే పొడుగు మాట నా కష్టంలో ఆయన నోట ఎప్పుడూ వినలేదు. అలాంటి మనిషి స్విచ్చి దొరకని గది అన్నాడంటే, ఈ ఏడాదంతా లోపల ఎంత నలిగాడో. తలుచుకుంటే నా మీద నాకే కోపంగా ఉంది. మనిషిని అంత దూరం నెట్టానా?

కొత్త షాపుకి వేరే మనిషిని చూసుకోమని ఓనరుకి చెబుదామనుకుంటున్నాను. ఇంకా చెప్పలేదు. వచ్చి, చెట్టు కట్టి, ఆయన ముఖం చూసి చెబుతాను.

ఒక్కటి అడుగుతాను, విసుక్కోకు. అవి అచ్చంగా ఆయన మాటలేనా? నువ్వేమీ కలపలేదు కదా?

అత్తయ్య

*

మన ఇల్లు, పై గది
డిసెంబరు

అత్తయ్యా,

నువ్వు కూడా ఏంటి, పోలీసు స్టేషన్లోలా! ఉత్తరంలో ఉన్నది నాన్న మనసే. మనసులో లేనిది ఒక్క ముక్క కూడా రాయలేదు.

కబుర్లు విను. వల లైట్లు అటకెక్కాయి. నాన్న కొత్త సీరియల్ లైట్ల సెట్లు తెచ్చాడు, పొడుగువి. నేల మీద పరిచి ఒక్కో బల్బూ చూస్తున్నాడు. అమ్మ "ఊరి స్తంభాలన్నీ చూసుకుని వచ్చి మళ్లీ ఇంట్లోనా?" అంటే, "జాయింట్లు చూడాలి. చేతులు పెట్టేది చెల్లెలు" అన్నాడు. చెట్టు గుమ్మంలోంచి పట్టింది, ఒక్క కొమ్మ మాత్రం మూతి ముడిచింది.

బస్సు దిగగానే ఫోన్ చెయ్యి. నేను వస్తాను.

నీ మేనకోడలు

*

షాపు మీద గది
డిసెంబరు చివర

అమ్మాయికి,

క్షేమంగా చేరాను. మీ అమ్మకి చెప్పు, పాపం కంగారుపడి ఉంటుంది.

భోజనానికి కూడా ఆగకుండా ఎందుకు వచ్చేశానని ఫోన్లో అడిగావు. అప్పుడు చెప్పలేకపోయాను. నువ్వు వంటింట్లో అమ్మకి సాయం చేస్తున్నావు కాబట్టి చెట్టు దగ్గర జరిగింది చూడలేదు.

మధ్యాహ్నమంతా బాగా గడిచింది. మీ నాన్న తీగ వదిలాడు, నేను చుట్టాను. మాటల్లేవు. నాకు చిన్నప్పటిలాగే ఉంది. పై వరుసకి వచ్చేసరికి నాకే మనసాగలేదు. స్టూలు మీద నిలబడి, ముఖం కొమ్మల్లో పెట్టుకుని అన్నాను: "అన్నయ్యా, స్విచ్చి దొరకని గది అన్నావట. ఆ మాట పట్టుకునే వచ్చాను."

తీగ రావడం ఆగింది.

"ఏ గది?" అన్నాడు.

నీ ఉత్తరంలోని మాటలన్నీ చెప్పాను. నాకు కంఠతా వచ్చు కదా. ఆయన విని, "నేనలా అనలేదే" అన్నాడు. వెటకారం కాదు, కోపం కాదు. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. అబద్ధం చెప్పడం ఆయనకి చేతకాదు, అది నా ఖర్మ.

"రమ్మని కూడా అనలేదా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి "ఆ మాటైతే అనలేదు" అన్నాడు.

నేను మిగిలిన కొమ్మలన్నీ చుట్టాను. మధ్యలో వదలడం నాకు రాదు. స్విచ్చి వేశారు, మీరంతా వచ్చి చూశారు, మీ అమ్మ కళ్లు తుడుచుకుంది. ఇన్నేళ్లలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు. నేను దాన్ని సరిగ్గా చూడలేదు.

సంచి తీసుకుందామని వెళితే పై గదిలో లేదు. కింది గదిలో, వచ్చేపోయేవాళ్లని పడుకోబెట్టే గదిలో, కొత్త దుప్పటి పరిచిన మంచం మీద ఉంది. ఎప్పుడూ నీ పక్కనే కదా నాకు పక్క వేసేది. ఈసారి చుట్టాల గది. అప్పుడు అర్థమైంది, పిలవకుండా వచ్చిన మనిషికి మర్యాద చేస్తున్నారని. మీ నాన్న సంచి గేటు దాకా మోశాడు. "చేరాక ఫోన్ చెయ్యి" అన్నాడు. చుట్టాలకి చెప్పినట్టే.

మర్నాడే కొత్త షాపుకి వెళతానని ఓనరుకి మాటిచ్చాను. రెండేళ్లు. జనవరిలో బయల్దేరాలి.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. కానీ అంతకంటే ఎక్కువ సిగ్గుగా ఉంది. నలభై దాటినదాన్ని, ఒక్క మంచి మాట దొరికేసరికి వెనకా ముందూ చూడకుండా బస్సెక్కేశాను.

ఒక్కటి మాత్రం చెప్పు. ఆ రోజు కుళాయి దగ్గర మీ నాన్న ఏమన్నాడు? ఏమీ అనకపోతే, ఏమీ అనలేదని రాయి.

అత్తయ్య

*

మన ఇల్లు
జనవరి

అత్తయ్యా,

అన్నాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"అత్తయ్యని రమ్మని రాయనా?" అని నేనడిగాను. నాన్న చేతులు కడుక్కోవడం ఆపలేదు. "దానికి చలికాలం మోకాలు పట్టేస్తుంది. మెట్లెక్కలేదు. కింది గది ఖాళీ చెయ్యాలి" అన్నాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు.

అంతే. "రా" అనలేదు. నువ్వు వస్తావా రావా అన్న ఆలోచనే ఆయనకు లేదు. వస్తావు, మెట్లెక్కలేవు, గది ఖాళీ చెయ్యాలి. మర్నాడు సెలవు పెట్టి ఆ గదిలోని ట్రంకు పెట్టెలన్నీ ఒక్కడే అటకెక్కించాడు. మంచం ఊగకుండా కాళ్ల కింద చెక్కలు పెట్టాడు. నేను "పై గదిలో నా పక్కన పడుకుంటుంది కదా" అంటే, "రాత్రిపూట లేస్తే కష్టం" అన్నాడు.

ఇవన్నీ చూస్తూనే నేను పైకెళ్లి నీకు ఉత్తరం రాశాను. మోకాలు, మెట్లు, ట్రంకు పెట్టెలు. ఇందులో రాయడానికేముంది అనిపించింది. నువ్వు "రా" అన్న మాట అడిగావు, నాన్న అనలేదు, ఆయన అనాల్సింది నేను అనేశాను. రాస్తుంటే ఎంత బాగా వస్తోందో అని నాకు ఒళ్లు పులకరించింది కూడా. నువ్వు మళ్లీ అడిగినప్పుడైనా చెప్పాల్సింది. అప్పటికి నువ్వు సంతోషంగా ఉన్నావు, ఆ సంతోషాన్ని నేనే ఇచ్చానని నాకు గొప్పగా ఉంది.

నువ్వు వెళ్లాక నాన్న నన్ను పిలిచి "నువ్వు రాసిందేంటో చదువు" అన్నాడు. నా చిత్తు కాగితం తెచ్చి చదివాను, కళ్లెత్తకుండా. తిడతాడనుకున్నాను. "బాగానే ఉంది. నాకు రావు అలాంటివి" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

అమ్మ ఊరుకోలేదు. "చెల్లెలు స్టూలు మీద నిలబడి అడుగుతుంటే ఆ ఒక్క ముక్కా అనలేదనేనా చెప్పేది? నోటికి బంధం వేశారా?"

"అడిగింది, చెప్పాను."

"మోకాలి సంగతి చెప్పొచ్చుగా!"

"అడగలేదు."

అమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

లైట్లు ఇంకా తియ్యలేదు. నాన్న తియ్యనివ్వడం లేదు.

నువ్వు బయల్దేరకముందే ఇది అందాలని పరిగెత్తుకెళ్లి వేస్తున్నాను.

నీ మేనకోడలు

*

కొత్త షాపు, వెనక గది
ఫిబ్రవరి

బంగారం,

నీ ఉత్తరం పాత గదికి వెళ్లి, ఓనరు చేతిలో కొన్నాళ్లుండి, ఇక్కడికి వచ్చింది. అప్పటికి షాపు తెరిచేశాం. ఇద్దరు మనుషుల్ని పనిలోకి తీసుకున్నాను, వాళ్లకి చుట్టడం నేర్పాలి. ఒప్పుకున్న పని, ఇప్పుడు వదిలి రావడానికి లేదు.

నా మోకాలి సంగతి నేను మీ నాన్నకి ఎప్పుడూ చెప్పలేదు. మీ అమ్మకి కూడా చెప్పలేదు. మీ ఇంట్లో మెట్లెక్కేటప్పుడు ఎవరూ చూడనప్పుడే గోడ పట్టుకునేదాన్ని.

నువ్వు నవంబర్లో ఆ మోకాలు, మెట్లు, ట్రంకు పెట్టెలు రాసి పంపి ఉంటే, "రా" అన్న మాట లేదని నేను చూసుకునేదాన్నే కాదు. ఆ గదిలోకి వెళ్లి ఆ మంచం మీద హాయిగా కాళ్లు చాపుకునేదాన్ని. దాన్ని పట్టుకుని చుట్టాల గది అనుకున్నాను. కొత్త దుప్పటి చూశాను గానీ కాళ్ల కింద చెక్కలు చూడలేదు.

తప్పు నీ ఒక్కదానిదే కాదులే. ఆయన్ని నలభై ఏళ్లుగా చూస్తున్నదాన్ని నేను. ఆ మాటలు ఆయనవి కావని నా చేతులకి తెలిసింది, చుట్లు లెక్క తప్పుతూనే ఉన్నాయి. అయినా అవే కావాలనుకున్నాను. అలాంటివి ఆయన నోట ఒక్కసారైనా వినాలని ఉండేది మరి.

ఇక్కడ కిటికీ లేదు. వాన పడితే చప్పుడు మాత్రం వినిపిస్తుంది.

అత్తయ్య

*

మన ఇల్లు, హాలు
ఫిబ్రవరి చివర

అత్తయ్యా,

ఇది నాన్న ఉత్తరం. తనే రాయమన్నాడు. నువ్వు రాసింది చదివి వినిపించాక, "కాగితం తే" అన్నాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చాను. రాస్తున్నాను.

"చెల్లికి. బాగున్నావని తలుస్తాను... అది రాయకు. ఎట్లా ఉందో నాకేం తెలుసు. ఎట్లా ఉన్నావని అడుగు. అక్కడ నీళ్లు ఎట్లా ఉన్నాయి. మోకాలికి కాపడం పెట్టుకో. కొత్త షాపు అంటున్నావు, ఎర్తింగ్ ఉందో లేదో ఎవరైనా లైన్‌మన్‌కి చూపించు. తడి చేత్తో ముట్టుకోకండి. ఆ ఇద్దరికి కూడా చెప్పు. కింది గదిలో పెట్టెలు మళ్లీ పెట్టలేదు. మీ వదిన పెట్టమంటోంది, నేను పెట్టనివ్వలేదు. లైట్లు నిన్న తీశాను. మొదలు దగ్గర నువ్వేసిన ముడి రాలేదు, కొయ్యాల్సొచ్చింది."

"ఇంకా నాన్నా?"

"ఇంకేముంది. ఇది కూడా రాస్తున్నావా?"

"అన్నీ రాస్తున్నాను."

"సరే, ఇటివ్వు, సంతకం పెడతాను."

పెన్ను తీసుకుని, పెట్టకుండా నాకు తిరిగిచ్చేశాడు. "ఆగు. ఇంకోటి రాయి. రా అని రాయి."

రాశాను. చదవమన్నాడు. చదివాను.

మళ్లీ ఒకసారి చదవమన్నాడు. తర్వాత, "రెండేళ్లదాకా దానికి కుదరదు కదా. కుదరని మనిషిని రమ్మంటే బాధపడుతుంది. కొట్టెయ్" అన్నాడు.

కొట్టేశాను అత్తయ్యా. ఒక్క గీతే గీశాను. నాన్న చెప్పింది రాసిన కాగితం మీద ఆ "రా" ఉంది, ఆయన తర్వాత పెట్టిన సంతకానికి సరిగ్గా పైన. గీత కింద అక్షరం బాగానే కనిపిస్తుంది.